కథ నుంచి వాద్యానికి: జనగామ ఒగ్గుడోలు, జపాన్ ఫ్యూజన్ సంగీతం – ఒక తులనాత్మక విమర్శ

సారాంశం:
మాట లేని సంగీతం కథ చెప్పగలదా అన్న ప్రశ్న చుట్టూ ఈ వ్యాసం సాగుతుంది. జనగామ ప్రాంతపు ఒగ్గుకథలో డోలు నిర్వహించే పాత్రనూ, అదే డోలు కథ నుంచి విడివడి స్వతంత్ర వాద్య ప్రదర్శనగా మారిన తీరునూ ఇది పరిశీలిస్తుంది. జపాన్ జాజ్, ఫ్యూజన్ సంగీతంలో దేశీయ తాళవాద్యాలకు దక్కిన స్థానంతో దాన్ని పోల్చుతుంది. మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాద్య సంప్రదాయాలకు ఈ పోలిక ఎంతవరకు వర్తిస్తుందో సూచిస్తుంది.

కీలక పదాలు: ఒగ్గుకథ, ఒగ్గుడోలు, కోగున్ ఆల్బమ్, ఫ్యూజన్, మార్గ–దేశి, విరామం.

1. ఉపోద్ఘాతం:
తెలుగు జానపద పరిశోధనకు గట్టి పునాది వేసిన గ్రంథాల్లో బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) ముఖ్యమైనది. ఆ పేరులోనే ఈ శాస్త్రం నడిచిన దారి కనిపిస్తుంది. గేయం, కథ, పాఠం, పాఠాంతరం పరిశోధనకు కేంద్రమయ్యాయి. వాద్యం ఎక్కువగా ‘ప్రదర్శన పరికరాలు’ అన్న ఉపశీర్షిక కింద రెండు మూడు పేరాలకు పరిమితమైంది. సాహిత్య శాఖల్లో పుట్టిన పరిశోధనకు ఇది సహజమే. కానీ కళాకారులే కథను పక్కనపెట్టి వాద్యాన్ని మాత్రమే వేదికమీదికి తెచ్చినప్పుడు ఈ పద్ధతికి చిక్కు వస్తుంది. ఎత్తిరాసుకోవడానికి పాఠం ఉండదు. అప్పుడు పరిశోధకుడు దేన్ని విశ్లేషించాలి?

జపాన్ సంగీతకారులు ఇటువంటి ప్రశ్నను 1950ల నుంచే మరో రూపంలో ఎదుర్కొన్నారు. అమెరికా నుంచి వచ్చిన జాజ్‌ను, తర్వాత జాజ్-రాక్‌ను తమదిగా చేసుకోవడమెలా అన్నది వారి సమస్య. కసియోపియా వంటి బృందాలు గిటార్, కీబోర్డుల నైపుణ్యంతో దానికి ఒక సమాధానం చెప్పాయి. 1974లో గిటారిస్టు షిమిజు యోషిహిసా నాయకత్వంలో ఏర్పడిన కెన్సో బృందం ‘యుమె నో ఒకా’ (1991) వంటి ఆల్బమ్‌లతో ప్రోగ్రెసివ్ రాక్, జాజ్‌ల కలయికగా ఇంకొక సమాధానం చెప్పింది. దేశీయ తాళవాద్యం విషయంలో మాత్రం తోషికో అకియోషి చెప్పిన సమాధానం జనగామ డోలుకు దగ్గరగా ఉంది.

2. ‘కోగున్’: రెండు కాలాల సహజీవనం:
తోషికో అకియోషి 1929లో మంచూరియాలో జన్మించిన పియానో విద్వాంసురాలు, స్వరకర్త. 1956లో అమెరికాలోని బెర్క్లీ సంగీత విద్యాలయంలో చేరారు. లూ టబాకిన్‌తో కలిసి నడిపిన పెద్ద జాజ్ బృందంతో 1974లో ‘కోగున్’ ఆల్బమ్ వెలువరించారు. ఇది జాజ్-రాక్ కాదు. అయినా ఆ తరం ఫ్యూజన్ సంగీతాన్ని వేధించిన ప్రశ్నకు ఇందులో స్పష్టమైన జవాబు ఉంది. ‘కోగున్’ అంటే ఒంటరి సేన. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన సంగతి నమ్మక ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవి అడవుల్లో ఉండిపోయి, 1974 మార్చిలో లొంగిపోయిన జపాన్ సైనికాధికారి హిరూ ఒనోదా ఉదంతం ఈ రచనకు ప్రేరణ.

ఈ రచనలో ‘నో’ నాటకానికి చెందిన త్సుజుమి మద్దెల, ‘ఉతాయ్’ అనే గాత్రం జాజ్ బృందంతో పాటు వినిపిస్తాయి. త్సుజుమి వాద్యకారుడు దెబ్బకూ దెబ్బకూ మధ్య ‘యో’, ‘హో’ అని కేక వేస్తాడు. ఆ కేకకూ తర్వాతి దెబ్బకూ మధ్య నిలిచే ఖాళీని జపనీయులు ‘మా’ అంటారు. అది గడియారంతో కొలిచే ఖాళీ కాదు, ఊపిరితో కొలిచేది. జాజ్ బృందం సమానమైన అడుగులతో నడుస్తుంది. అకియోషి ఈ రెండింటినీ ఒకే కొలతలోకి వంచలేదు. మద్దెల తన కాలంలో తాను ఉంటుంది, బృందం తన కాలంలో తాను ఉంటుంది. లోకానికి ఒక కాలం, అడవిలోని సైనికుడికి మరో కాలం. కథలోని అసలు విషాదం ఇదే. దాన్ని మాటలు చెప్పడం లేదు, రెండు కాలాలు ఒకదానిలో ఒకటి ఇమడకపోవడం చెబుతోంది. ఫ్యూజన్ విలువను నిర్ణయించడానికి ఈ రచన ఇచ్చే ప్రమాణం ఇది: దేశీయ వాద్యం చేరిందా అన్నది కాదు, అది తన కాలాన్ని వెంట తెచ్చుకోగలిగిందా అన్నది.

3. ఒగ్గుకథలో డోలు:
ఒగ్గు అంటే శివుని డమరుకమని కళాకారుల వివరణ. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను కురుమ, గొల్ల కులాల ఒగ్గు పూజారులు పట్నాలు వేసి, డోలు, తాళం, నపీర, కంజిరాలతో చెబుతారు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురానికి చెందిన చుక్క సత్తయ్య (1935–2017) ఈ కళను ఊరి వాకిలి నుంచి రేడియో, టెలివిజన్ల దాకా తీసుకువెళ్లారు.

కథాగమనంలో డోలు మూడు పనులు చేస్తుంది. మొదటిది, వచనానికీ పాటకూ మధ్య వారధి కావడం. ప్రధాన కథకుడు మాట ముగించి రాగమెత్తుకునే ఆ సందును డోలే మోస్తుంది. రెండోది, వంతకాడిలాగే ప్రశ్నించడం, ఔననడం. కథకుడు ఆగిన చోట ఒక దెబ్బ పడితే అది ‘ఊఁ’ కొట్టడమే. మూడోది, కథను పూజలోకి దించడం. దేవుడు కథలోకి వచ్చినప్పుడు వేగం పెరిగి, వింటున్న వారిలో పూనకానికి దారి తీస్తుంది. ఈ మూడు పనులకూ ఆధారం విరామమే. ఎక్కడ కొట్టాలో తెలిసినంతగా ఎక్కడ ఆగాలో తెలిసినవాడే మంచి డోలు కళాకారుడు. ‘నో’ మద్దెలకూ ఒగ్గుడోలుకూ చారిత్రక సంబంధం లేదు. రెండూ కథనానికి సేవ చేస్తూ పెరిగిన వాద్యాలు కావడం వల్ల ఈ పోలిక ఏర్పడింది.

4. విడివడిన డోలు:
ఒగ్గుడోలు ఈనాడు స్వతంత్ర బృంద ప్రదర్శన కూడా. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడ్డాక ప్రభుత్వ ఉత్సవాల్లో, ఊరేగింపుల్లో అది సుపరిచితమైంది. నడుముకు డోళ్లు, కాళ్లకు గజ్జెలు కట్టుకున్న యువకులు వరుసలు మారుస్తూ, ఒకరి భుజాలపై ఒకరు నిలబడుతూ వాయిస్తారు. కథ లేదు, పాట నామమాత్రం.

దీన్ని పతనంగా మాత్రమే చూడడం తొందరపాటు. జపాన్‌లో నేడు ప్రాచీనమని లోకం భావించే తైకో బృంద వాదనం ఆధునిక రూపమే. జాజ్ డ్రమ్స్ వాయించే ఒగుచి దైహచి 1951లో సువా ప్రాంతపు దేవాలయ వాద్యాన్ని, వేర్వేరు పరిమాణాల డోళ్లతో బృంద రచనగా మలచారు. గుడిలోని డోలు వేదిక ఎక్కినంత మాత్రాన చచ్చిపోలేదు. కొత్త రచనలు వచ్చాయి. స్వరకర్త ఇషీ మాకి 1976లో ఒందెకోజా బృందం కోసం ‘మోనోక్రోమ్’ రాశారు. అంటే అక్కడ కథ స్థానంలో రచన వచ్చింది.

జనగామ డోలుకు ఎదురవుతున్న ప్రమాదం సరిగ్గా ఇక్కడే ఉంది. కథ వెళ్లిపోయిన చోటులోకి రచన రాకుండా వేగం ఒక్కటే వచ్చి కూర్చుంటున్నది. అయిదు నిమిషాల వ్యవధిలో అతిథులను మెప్పించవలసిన ప్రదర్శనలో విరామానికి చోటుండదు. మొదటి దెబ్బే పతాక స్థాయిలో పడితే ఇక ఎక్కడానికి మెట్టు మిగలదు. సినిమా పాటలో ముక్కగా కోసి, తిప్పి తిప్పి వాడిన డోలు శబ్దంలోనూ ఇదే లోపం. అక్కడ డోలు తన ధ్వనిని తెచ్చింది గాని కాలాన్ని తేలేదు. కళాకారుడి పేరు లేని చోట, ఆ శబ్దం ఎవరి చేతిదో అడిగే వీలు కూడా లేదు.

5. మార్గ–దేశి చర్చ:
ఈ సమస్యను చర్చించడానికి పరాయి సిద్ధాంతాల వద్దకే వెళ్లనక్కర లేదు. కాకతీయుల గజసైన్యాధ్యక్షుడు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’ (1253–54)లో మొదటి నాలుగు అధ్యాయాలను మార్గానికీ, తక్కిన నాలుగింటిని దేశికీ కేటాయించాడు. దేశిని మార్గానికి అనుబంధంగా కాక సమాన విస్తృతితో శాస్త్రీకరించాడు. జనగామ జిల్లాలోని పాలకుర్తికి చెందిన పాల్కురికి సోమనాథుడు ‘పండితారాధ్య చరిత్ర’లో నాటి వాద్యాలను, ఆటపాటలను పేర్లతో సహా నమోదు చేశాడు.

ఆధునిక ఫ్యూజన్‌లోకి తెలుగువారు ప్రవేశించిన దారి మాత్రం ప్రధానంగా మార్గానిదే. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ (1969–2014) మైఖేల్ బ్రూక్‌తో ‘డ్రీమ్’ (1995) చేశారు. ‘రిమెంబర్ శక్తి’ బృందంలో జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుసేన్‌లతో సమస్థాయిలో వాయించారు. కర్ణాటక సంగీతానికి ఉన్న తాళ పరిభాష, జతుల లెక్క ఆ సంభాషణను సాధ్యం చేశాయి. ఒగ్గు కళాకారుడికి జ్ఞానం తక్కువ కాదు. ఆ జ్ఞానం కాగితం మీదికి రాలేదు. అందువల్ల అతడు సంభాషణలో భాగస్వామి కాలేక నేపథ్య ధ్వనిగా మిగులుతున్నాడు.

6. మహబూబాబాద్, భూపాలపల్లి:
పూర్వపు వరంగల్ జిల్లా నుంచి 2016లో విడివడిన ఈ జిల్లాల్లో సమస్య మరింత సున్నితమైనది. మహబూబాబాద్ ప్రాంతపు కోయల డోలు ఇలవేల్పుల కథలతోనూ, ఆ కథలను బొమ్మలుగా చూపే పడిగెలతోనూ ముడివడి ఉంది. భూపాలపల్లి పరిసరాల నాయకపోడుల లక్ష్మీదేవర ఆటలో ముఖాలు ధరించినవారి నడకను వాద్యమే నిర్దేశిస్తుంది. ఇక్కడ వాద్యాన్ని విడదీయడమంటే కొలుపు నుంచి విడదీయడమే. ఒగ్గుడోలుకు దొరికిన వేదికే వీటికీ దొరకాలని కోరేముందు, ఏది విడివడవచ్చు, ఏది విడివడకూడదు అని నిర్ణయించే హక్కు ఆ సమూహాలదేనని పరిశోధకులు గుర్తించాలి.

7. ముగింపు:
కథను వదిలినందువల్ల ఒగ్గుడోలు చెడిపోలేదు. కథ నేర్పిన విరామాన్ని వదిలితే చెడిపోతుంది. ‘కోగున్’ పాఠం ఇదే. తెలుగు శాఖలు ఒగ్గుకథను సేకరించేటప్పుడు పాఠం పక్కన ‘ఇక్కడ డోలు’ అని కుండలీకరణంలో రాసి సరిపెట్టడం చాలదు. ఆ దెబ్బలకు కళాకారులు వాడే పేర్లు, ఆగే చోట్లు, వేగం మారే సందర్భాలు, వాయించినవారి పేర్లు పాఠంతో సమానంగా నమోదు కావాలి. కథలన్నీ తెలిసిన పెద్ద తరం ఒక్కొక్కరుగా వెళ్లిపోతున్నది. కథ లేకుండానే డోలు నేర్చుకున్న తరం వేదిక మీద ఉంది. ఈ ఇద్దరూ ఒకే కాలంలో ఉన్న ఈ కొద్ది సంవత్సరాలే ఆ పనికి అనువైనవి. పాఠం లేని చోట పరిశోధన లేదనుకుంటే, డోలు ఏం చెప్పేదో రేపు అడగడానికి ఎవరూ మిగలరు.