చొక్కా మీది బొమ్మ, దయ్యాల కొంప

న్యూయార్క్‌ నగరంలో, బ్రూక్లిన్‌లోని పార్క్ స్లోప్ పేటలో ఒక ఇల్లుంది. లెస్బియన్ హర్‌స్టరీ ఆర్కైవ్స్ దాని పేరు. 1974లో పుట్టినప్పుడు అది జోన్ నెసిల్ అనే రచయిత్రి అపార్ట్‌మెంటులో, వంటింటి పక్క సామాన్ల గదిలో సర్దుకుంది. 1993లో సొంత ఇంటికి మారింది. స్త్రీలను ప్రేమించిన స్త్రీలు రాసుకున్న ఉత్తరాలు, డైరీలు, కరపత్రాలు, ఫొటోలు, బ్యాడ్జీలు, టీ షర్టులు అక్కడ దాస్తారు. చూడ్డానికి డిగ్రీలు అక్కర్లేదు, సిఫార్సులు అక్కర్లేదు. పుస్తకాలను రచయిత్రుల ఇంటిపేర్ల వరసలో కాకుండా సొంత పేర్ల వరసలో పెడతారు. ఇంటిపేరు తండ్రి దగ్గర్నించో మొగుడి దగ్గర్నించో వచ్చేదే కదా అని. మెడలో మూడు ముళ్ళు పడగానే ఇంటిపేరు మారిపోయే మన ఆడవాళ్ళకు ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

నేను పక్కపక్కన పెట్టి చూడాలనుకున్న రెండు కళాకృతుల వెనకా ఈ ఇంటితో సంబంధం ఉన్నవాళ్ళున్నారు. ఒకటి ఉల్రికె ముల్లర్ చేయించిన 'హర్‌స్టరీ ఇన్వెంటరీ'. రెండోది ఆలిసన్ మిచెల్, డీర్‌డ్రా లోగ్ కట్టిన 'కిల్‌జాయ్స్ కాసిల్'. మొదటిదాన్ని 2012లో బ్రూక్లిన్ మ్యూజియంలోనూ, ఆస్ట్రియాలోని బ్రెగెంజ్‌లోనూ ప్రదర్శించారు. రెండోది 2013లో టొరంటోలో తలుపులు తెరిచి, తర్వాత లండన్, లాస్ ఏంజెలిస్, ఫిలడెల్ఫియా తిరిగింది. రెండూ పదిమంది చెయ్యి పడితేనే అయ్యే పనులు. పోలిక అక్కడితో సరి. ఒకదాంట్లో గీత గీసిన చప్పుడు కూడా వినపడదు, రెండోదాంట్లో అరుపులు.

ముల్లర్ ఆస్ట్రియాలో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడిన చిత్రకారిణి. ఆర్కైవ్స్‌లో ఆమె కంటపడింది టీ షర్టులు కాదు, టీ షర్టుల పట్టీ. ఏ చొక్కా మీద ఏ బొమ్మ ఉందో, ఏ అక్షరాలున్నాయో వాలంటీర్లు మాటల్లో రాసిపెట్టిన జాబితా అది. ముల్లర్ ఆ వర్ణనలను కళాకారులకు పంచి, చొక్కా చూపించకుండా, ఈ మాటలకు బొమ్మ గీసివ్వమంది. వందమంది గీశారు. అందరికీ ఒకే కొలత కాగితం.

ఇందులో కిటుకు ఎక్కడుందో చూడండి. మాట వరసకి, పట్టీలో 'గొడ్డలి' అని ఉందనుకుందాం. డెబ్బయ్యో దశకపు అమెరికా స్త్రీవాదుల్లో తిరిగిన మనిషికి అది రెండు వైపులా అంచున్న లాబ్రిస్. లెస్బియన్ స్త్రీలు తమ గుర్తుగా మెళ్ళో వేసుకున్న గొడ్డలి. ఆ గుర్తు ఎరగని చెయ్యి కట్టెలు కొట్టే గొడ్డలి గీస్తుంది. పట్టీ రాసిన ఆమెకు తెలిసినదానికీ, గీసే ఆమెకు తెలిసినదానికీ మధ్య ఎంత ఎడం ఉందో ఆ కాగితం మీద తేలిపోతుంది. ఒక తరం జ్ఞాపకం ఇంకో తరానికి చేరేటప్పుడు ఏం జారిపోతుందో ముల్లర్ వ్యాసం రాసి చెప్పలేదు, గీయించి చూపించింది. ఆ జారిపోవడాన్ని ఆమె తప్పుగా లెక్కెయ్యలేదు. నాకు ఈ కృతిలో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నచ్చనిదీ ఉంది. పాల్గొన్న వందమందీ కళాకారులే, పిలుపు అందుకున్నవాళ్ళే. మ్యూజియానికి వచ్చినవాళ్ళకు చూడ్డమే తప్ప చేసే పనేం లేదు. ఆర్కైవ్స్ ఏమో సిఫార్సులు అడగని ఇల్లు. దాని పట్టీ నుంచి పుట్టిన బొమ్మలకు మాత్రం ముందు కళాలోకపు గడప దాటాల్సొచ్చింది.

కాసిల్‌కి ఆ గడప లేదు. అమెరికాలో కొన్ని క్రైస్తవ ప్రచార సంఘాలు 'హెల్ హౌస్' అని నడుపుతాయి. పాపం చేస్తే నరకంలో ఏమవుతుందో కుర్రకారుకి గదులు గదులుగా నటించి చూపిస్తారు. గరుడ పురాణం బొమ్మల్ని నాంపల్లి ఎగ్జిబిషన్‌లో భూత్ బంగ్లాగా కడితే ఎలా ఉంటుందో అలాంటిదన్నమాట. స్వలింగ ప్రేమ కూడా ఆ పాపాల చిట్టాలోదే. మిచెల్, లోగ్ ఆ నమూనానే తీసుకుని తిరగేశారు. స్త్రీవాద దయ్యాల కొంప కట్టారు. పేరులోని కిల్‌జాయ్ స్త్రీవాద రచయిత్రి సారా అహ్మద్ సిద్ధాంతం నుంచి వచ్చింది. నలుగురూ నవ్వే జోకుకి నవ్వకుండా కూచుని సరదా చెడగొట్టే ఆడది. ప్రతి పెళ్ళిలోనూ మన వైపు ఇలాంటి పిన్ని ఒకామె ఉంటుంది, ఆమెను తల్చుకుంటే చాలు.

లోపల తోవ చూపించేవాళ్ళు మతి చలించిన స్త్రీ అధ్యయన ప్రొఫెసర్లు. రక్తపిశాచి అమ్మమ్మలు ఎదురవుతారు. ఒకచోట శ్మశానం ఉంటుంది. మూతబడిన లెస్బియన్ సంస్థలకూ, వ్యాపారాలకూ, చచ్చిపోయిన ఆలోచనలకూ సమాధులు కట్టారందులో. స్త్రీవాదిని చూసి లోకం భయపడే రూపాలన్నీ దయ్యాలై నిలబడతాయి. ఇంతకీ కొంప కట్టిన మిచెల్, ఊలు అల్లికలనూ నకిలీ బొచ్చు గుడ్డలనూ చిత్రకళలోకి తెచ్చిన మనిషి. పాత లెస్బియన్ స్త్రీవాదంలో పనికొచ్చేది ఉంచుకుందాం, ఇబ్బంది పెట్టేదాంతో తగువు పడదాం అనే తన వాదానికి 'డీప్ లెజ్' అని పేరు పెట్టింది. హర్‌స్టరీ ఆర్కైవ్స్ పుస్తకాల అరల్ని కూడా ఆమె ఓపిగ్గా బొమ్మలుగా గీసింది.

ఆ తగువు ఆమె ఇంటికే వచ్చింది. టొరంటో కొంపలో ప్లాస్టర్‌తో పోసిన వృషణాలను పగలగొట్టే ఘట్టం ఒకటుంది. దాన్ని ట్రాన్స్ స్త్రీలు తప్పుపట్టారు. మగపెత్తనం ఒక అవయవంలో ఉందని చూపిస్తే ఆ దెబ్బ ఎవరికి తగులుతుంది అని. పాత స్త్రీవాదంలో నిజంగా ఉన్న గాయమే అది, నవ్వులాటలో మళ్ళీ రేగింది. కళాకారిణులు తర్వాతి ప్రదర్శనల్లో మార్పులు చేశారు. ఈ వ్యవహారాన్ని కాసిల్ లోపంగా చెప్పేవాళ్ళున్నారు. ఆ ఘట్టం తప్పే. కానీ చరిత్రను నిజంగా కదిపితే పాత తగువులు కూడా లేస్తాయి. హర్‌స్టరీ ఇన్వెంటరీలోని బొమ్మలు ఒకదాన్నొకటి ఒరుసుకోకుండా తమ చట్రాల్లో తాము ఉంటాయి. అందానికి అది మంచిదే. ఉద్యమాలు మాత్రం చట్రాల్లో నడవలేదు.

కొంపలో ఆఖరి గది గురించి ఎంత చెప్పినా తక్కువే. భయం, నవ్వు అన్నీ అయిపోయాక చూసినవాళ్ళు అక్కడ ఆగుతారు. వేషాల్లేని నిజం మనుషులు, అసలు సిసలు కిల్‌జాయ్‌లు, కూచుని ఉంటారు. లోపల చూసినదాని మీద మాట్లాడుకోవాలి. స్త్రీవాద సంఘాల్లో గంటల తరబడి సాగే చర్చల మీద వేళాకోళం కూడా అందులో కలిసే ఉంది. అయినా చర్చ మాత్రం నిజమైన చర్చే. హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అనే స్త్రీవాద బృందం 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు చేసిన పని గుర్తొస్తుంది నాకు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న స్త్రీల ఎదురుగా కూచుని అడగడం, వినడం, రాసుకోవడం.

కళగా చూస్తే నా ఓటు ముల్లర్‌కే. కొంపలో హంగు ఎక్కువైన చోట్లు ఉన్నాయి. కానీ రెండింటినీ పక్కన పెట్టుకుని కూచుంటే, నా కళ్ళు వందమంది చిత్రకారుల మీదా, పిశాచి అమ్మమ్మల మీదా నిలవడం లేదు. చొక్కాల పట్టీ రాసిన వాలంటీర్ల దగ్గరికీ, ఆఖరి గదిలో కుర్చీ వేసుకుని వచ్చినవాళ్ళతో ఓపిగ్గా మాట్లాడిన ఆడవాళ్ళ దగ్గరికీ వెళ్తున్నాయి. వర్ణించి రాయడం, కూచుని వినడం. సంఘాల్లో ఈ రెండు పనులూ ఎప్పుడూ చేసేవాళ్ళు చేస్తూనే ఉంటారు, ఎవరూ దాన్ని కళ అనరు. ముల్లర్ మొదటి పని మీద నిలబడింది, మిచెల్, లోగ్ రెండోదాని మీద.

చొక్కాలు ఇంకా బ్రూక్లిన్‌లోనే ఉన్నాయి. కొంప మాత్రం ప్రదర్శన కాగానే విప్పేసేది. 2019లో దాని మీద ఒక పుస్తకం వచ్చింది, ఫొటోలున్నాయి. ఏదో ఒకరోజు మిగిలిన ముక్కలు అట్టపెట్టెల్లో ఏదో ఒక ఆర్కైవ్స్‌కి చేరతాయనుకుంటాను. అప్పుడొక అమ్మాయి మూతలు తీసి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీద వరసగా రాయడం మొదలుపెడుతుంది. సమాధి రాయి, ఒకటి, కింద అంచు విరిగింది. ఊలు అల్లిక, చెయ్యి ఆకారంలో, దేని కోసమో తెలియదు.