లాక్ లేఖలో ముసల్మాను

మత స్వేచ్ఛను గురించి, చర్చిని రాజ్యం నుండి వేరు చేయడాన్ని గురించి చర్చ వచ్చినప్పుడల్లా జాన్ లాక్ వ్రాసిన సహన లేఖ ప్రస్తావనకు వస్తుంది. చదివి ప్రస్తావించేవారు తక్కువ. అందులో ముస్లింల ప్రసక్తి ముఖ్యంగా రెండు చోట్ల ఉంది. మొదటిది చూసి మురిసిపోయేవారూ, రెండవది చూసి మండిపడేవారూ ఆ రెంటినీ ప్రక్కప్రక్కన పెట్టి చూడటం అవసరం.

1685లో ఫ్రాన్సు రాజు 14వ లూయీ ప్రొటెస్టెంట్లకు ఉన్న రక్షణను రద్దు చేశాడు. హాలండులో ప్రవాసిగా ఉన్న లాక్ ఆ రోజుల్లోనే తన మిత్రుడు లింబోర్ఖ్‌కు లాటిన్‌లో ఈ లేఖ వ్రాశాడు. అది 1689లో రచయిత పేరు లేకుండా అచ్చయింది. అదే సంవత్సరం విలియం పాపుల్ దానిని ఇంగ్లీషు చేశాడు. పాపుల్ త్రిత్వాన్ని ఒప్పుకోని క్రైస్తవుడు. ఆ యేడు ఇంగ్లాండులో వచ్చిన సహన చట్టం అటువంటివారికి రక్షణ ఇవ్వలేదు. కనుక ఆయన సంపూర్ణ స్వేచ్ఛ కావాలంటూ ఆవేశపూరితమైన ముందుమాట జోడించాడు, క్రింద పేరు పెట్టలేదు. తరువాతి వారిలో చాలామంది అది లాక్ మాటే అనుకున్నారు! అనువాదం తన ప్రమేయం లేకుండా జరిగిందని లాక్ తన వీలునామా అనుబంధంలో వ్రాసుకున్నాడు. సాటి అనువాదకునిగా పాపుల్ బాధ నాకు అర్థమవుతుంది. అయినా ముందుమాటకు సంతకం ఉండి తీరాలి.

అనువాదంలో అంతకంటే పెద్ద చిక్కు "చర్చి" అనే మాటతో వస్తుంది. లాక్ దృష్టిలో చర్చి అంటే దైవారాధన కొరకు మనుషులు తమ ఇష్టపూర్వకంగా చేరే సంఘం. ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి వంటి ఐహిక ప్రయోజనాలను కాపాడటం రాజ్యం పని. ఖడ్గం హృదయంలో విశ్వాసాన్ని పుట్టించలేదు గనుక ఆత్మల సంరక్షణ పాలకునికి చెందదంటాడు. ఇక్కడ "చర్చి" స్థానంలో "మతం" అని వేస్తే అర్థం తారుమారవుతుంది. ఉర్దూలో సెక్యులరిజానికి "లాదీనియత్" అని వ్రాసేవారున్నారు. అంటే ధర్మరాహిత్యం. ఆ మాట విన్న సామాన్య ముస్లిం బెదిరిపోవటంలో వింతేముంది? మనకు పోపు లేడు, బిషప్పు లేడు, కాబట్టి ఈ చర్చ మనది కాదని త్రోసిపుచ్చటమూ సరికాదు. విశ్వాసం మీద రాజదండం లేవకూడదన్నదే లాక్ వాదం. బఖరా సూరా 256వ ఆయత్ ఎరిగినవారికి ఇది పరాయి మాటగా తోచదు.

ఇక ఆ రెండు చోట్ల సంగతి. ఒకచోట, మతం కారణంగా ముస్లిమునుగానీ యూదునిగానీ పౌరహక్కులకు దూరం చేయరాదంటాడు. అంతకు ముందే మరొకచోట, కాన్‌స్టాంటినోపిల్ ముఫ్తీకి గ్రుడ్డిగా విధేయుడైన ముస్లిం, క్రైస్తవ పాలకునికి నమ్మకమైన ప్రజగా ఉండగలనంటే అది హాస్యాస్పదమంటాడు. ఆ ముఫ్తీ సుల్తాను చెప్పుచేతల్లో ఉంటాడట. పండితులు చాలామంది ఈ ముఫ్తీ ముసుగు వెనుక పోపును చూస్తారు. కావచ్చు. కానీ ఉదాహరణకు తెచ్చినప్పుడు దాని నిజానిజాలు చూడవద్దా? ముఫ్తీ ఇచ్చే ఫత్వా అడిగినదానికి చెప్పే ధర్మశాస్త్రాభిప్రాయం. ఖాజీ తీర్పుకు ఉండే నిర్బంధం దానికి లేదు. సుల్తాను చెప్పుచేతల మాటకొస్తే, 1648లో సుల్తాన్ ఇబ్రాహీంను గద్దె దింపింది షైఖుల్ ఇస్లాం ఫత్వాతోనే.

లాక్‌కు వంద సంవత్సరాల ముందే మన మలబారులో దీనికి సమాధానం ఉంది. షేఖ్ జైనుద్దీన్ మఖ్దూమ్ అరబీలో వ్రాసిన "తుహ్ఫతుల్ ముజాహిదీన్" కాలికట్‌లోని హిందూ రాజు జామోరిన్‌ను మెచ్చుకుంటుంది. అక్కడి ముస్లింలు ఆ రాజు పక్షాన పోర్చుగీసువారితో పోరాడారు. గ్రంథాన్ని బీజాపూర్ సుల్తానుకు అంకితమివ్వటం ఆ విధేయతకు అడ్డు రాలేదు. జుమా నమాజుకూ ఖాజీల నియామకానికీ రాజాదరణ ఉండేది కనుక లాక్ కోరిన విభజన అక్కడ లేదు. ప్రజ విశ్వాసం వేరైనా విధేయత చెడదన్నది మాత్రం రుజువైంది.

మనం ఆగి చూసుకోవలసిన చోటు ఇంకొకటి ఉంది. నాస్తికుని ప్రమాణం నమ్మదగినది కాదని లాక్ వానికి సహనం నిరాకరించాడు. మనలో కొందరికి ఇది ఇంపుగానే ఉంటుంది. కానీ నాస్తికుణ్ణి వెలివేసిన తర్కమూ, ముఫ్తీ పేరిట ముస్లిమును శంకించిన తర్కమూ ఒకటే: వీని మాట నమ్మరాదు. మొదటిదానికి తల ఊపినవాడు రెండవదానికి ఏమని జవాబిస్తాడు?

1776లో లాక్‌ను చదువుతూ జెఫర్సన్, ఆయన ఆగిన చోట ఆగకుండా ముందుకు పోవచ్చునని వ్రాసుకున్నాడు. ఆయన రచించిన వర్జీనియా మతస్వేచ్ఛా శాసనం 1786లో ఆమోదం పొందింది. అందులో ఏసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణ వీగిపోయింది. ఆయన బానిసల యజమాని అన్న సంగతి మరువరానిది. అయినా 1821లో స్వీయచరిత్ర వ్రాస్తూ, ఆ శాసనం ఎవరెవరిని కాపాడటానికి ఉద్దేశించబడిందో పేర్కొన్నాడు. ఆ వరుసలో యూదునితో, క్రైస్తవునితో పాటు ముస్లిం, హిందువు ఉన్నారు. వారి ప్రక్కనే అవిశ్వాసి కూడా ఉన్నాడు.