వాల్వు రేడియో: ప్లగ్గు పెట్టే ముందు

అటక మీంచి దించిన పాత వాల్వు రేడియోను తుడిచి, వెంటనే ప్లగ్గు పెట్టి చూడాలనిపిస్తుంది ఎవరికైనా. చేయకూడని పని అదే. ఏళ్ల తరబడి కరెంటు తగలని సెట్టులో ఫిల్టర్ కండెన్సర్లు తరచుగా చెడిపోయి ఉంటాయి. ఒక్కసారిగా 230 వోల్టులు అందితే ముందు అవి షార్టు కావచ్చు. వాటి వెంట రెక్టిఫయర్ వాల్వు, ఆపైన మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. వాల్వు ఎక్కడో ఒకచోట దొరుకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం మళ్లీ చుట్టించుకోవలసిందే.

అందుకే పని తెలిసినవాళ్లు ముందు వెనక అట్ట విప్పి కళ్లతో చూస్తారు. చాలా వాల్వుల గాజు లోపల, పైభాగాన, అద్దంలా మెరిసే పూత ఒకటి ఉంటుంది. అది బేరియం. లోపల మిగిలిన కాస్త గాలినీ పీల్చేసుకోవడం దాని పని. గాజు పగిలి గాలి చొరబడితే ఆ మెరుపు పోయి పాలలా తెల్లబడుతుంది. అలాంటి వాల్వును పరీక్షించే పని కూడా లేదు, పక్కన పెట్టేయడమే.

తర్వాత సిరీస్ బల్బు. సెట్టుకు వరసలో పాతకాలపు 60 వాట్ల ఫిలమెంటు బల్బు కలిపి స్విచ్చి వేస్తారు. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉంటే లోపల షార్టున్నట్టు. ఒకసారి వెలిగి మసకబారితే షార్టు లేనట్టు.

నన్నడిగితే అసలు నేర్పు కప్లింగ్ కండెన్సర్ దగ్గరుంది. ముందు వాల్వు ప్లేటు నుంచి శబ్దాన్ని మాత్రమే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్డుకు పంపి, డీసీ వోల్టేజీని ఆపేది ఇదే. ఆ రోజుల్లో కాగితం చుట్టి మైనం పోసి చేసేవారు. కాగితానికి చెమ్మ పడితే డీసీ లీకవుతుంది, గ్రిడ్డు మీదికి పాజిటివ్ వోల్టేజీ వస్తుంది, వాల్వులో ప్లేటు ఎర్రగా కాలుతుంది. పాట వస్తూనే ఉంటుంది కాబట్టి వినేవాళ్లకు తెలియదు. దీన్ని మార్చక తప్పదు. అయితే శ్రద్ధ ఉన్నవాళ్లు పాతదాన్ని పారేయరు. వేడిచేసి మైనం కరిగించి, లోపలి చుట్ట తీసేసి, ఆ గొట్టంలోనే కొత్త చిన్న కండెన్సర్ పెట్టి మళ్లీ మైనంతో మూస్తారు. ఛాసీ తిరగేసి చూస్తే ఫ్యాక్టరీలో ఎలా ఉందో అలాగే కనబడుతుంది.

ఇంకో జాగ్రత్త: డయల్ గాజు వెనక అక్షరాలను తడిగుడ్డతో తుడవకండి, రంగు ఊడి వచ్చేస్తుంది.

ఈ మధ్య పాత పెట్టెలోని సరుకంతా పీకేసి బ్లూటూత్ బోర్డు బిగించి అమ్ముతున్నారు. నాకు అది చూస్తే కడుపు తరుక్కుపోతుంది. ఫ్లెమింగ్ 1904లో రెండు ఎలక్ట్రోడ్ల వాల్వు చేశాడు, రెండేళ్లకు లీ డి ఫారెస్ట్ దానికి గ్రిడ్డు చేర్చాడు, 1918లో ఆర్మ్‌స్ట్రాంగ్ తరంగం ఫ్రీక్వెన్సీని మార్చి పట్టుకునే సూపర్‌హెట్ పద్ధతి కనిపెట్టాడు. ఆ చరిత్రంతా ఒక ఛాసీ మీద వేలుపెట్టి చూపించవచ్చు: ఏరియల్ తీగ ఇక్కడ, తరంగాన్ని మార్చే ఈసీహెచ్81 ఇక్కడ, స్పీకరును నడిపే ఈసీఎల్82 అక్కడ. ఇవాళ్టి చిప్పులో అలా చూపించడానికేముంది? 1948లో విజయవాడ రేడియో కేంద్రం మొదలయ్యాక తెలుగు ఇళ్లలో వార్తలు, నాటకాలు వినిపించింది ఇలాంటి సెట్లే.

మీడియం వేవ్ ప్రసారాలు తగ్గిపోతున్నాయి, ఇంకెందుకంటారా? చాలా సెట్ల వెనక గ్రామఫోను పికప్ సాకెట్ ఉంటుంది. దానికి ఫోను కలిపితే ఒక్క తీగ కూడా కత్తిరించకుండా అదే స్పీకరులో పాటలు వినవచ్చు. కానీ మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఏసీ/డీసీ సెట్లకు ఇది వద్దు. యూసీహెచ్81లా యూ అక్షరంతో మొదలయ్యే వాల్వులున్నవి సాధారణంగా ఆ రకమే. వాటి ఛాసీకే మెయిన్స్ కరెంటు తగులుతూ ఉండవచ్చు, ప్రాణం మీదికి వస్తుంది. మామూలు సెట్టులోనూ స్విచ్చి తీశాక కొంతసేపు వోల్టేజీ నిలిచే ఉంటుంది.

మీ ఇంట్లో వాల్వు రేడియో ఉంటే పాత ఇనుముకు వేయకండి, ప్లగ్గూ పెట్టకండి. పోస్టాఫీసు ముద్రలున్న రేడియో లైసెన్సు పుస్తకం, కొన్న రసీదు బీరువాలో దొరికితే సెట్టుతోపాటే భద్రం చేయండి. ఎవరు కొన్నారో, ఏ ఊళ్లో మోగిందో ఒక కాగితం మీద రాసి వెనక అట్టకు కట్టండి. తర్వాత పని తెలిసిన మెకానిక్‌ను పిలవండి.