వడపళనిలో కట్టిన ద్వారక

పి.కోనవలస ఘాట్ ఎక్కుతూ రాత్రివేళ కిందికి చూసిన పాచిపెంటవాళ్లకు ఒక సంగతి తెలుసు: దూరపు ఊరికి గోడలు కనబడవు, దీపాలే కనబడతాయి. 1957 నాటి ‘మాయాబజార్’ కోసం ద్వారకను తయారుచేసిన కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్ పట్టుకున్న కిటుకు కూడా అదే. 50 అడుగులకు 60 అడుగుల జాగాలో దాదాపు 300 బుల్లి ఇళ్లు పేర్చి, దేనికి దానికి కరెంటు దీపం పెట్టారు. పైనుంచి పెద్ద లైటు కొడితే బొమ్మ ఇళ్ల గుట్టు రట్టయ్యేది. వెలుగు ఇంటి లోపలినుంచి వస్తే మాత్రం, ఆ ఇంట్లో ఎవరో ఉన్నారనిపిస్తుంది. గోఖలే చిత్రకారుడే కాదు, కథకుడు కూడా. ఇంట్లో మనుషులు లేకపోతే ఊరు ఊరు కాదని ఆయనకు వేరే చెప్పాలా!

దర్శకుడు కె.వి.రెడ్డి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ. పడవ పాటలో బార్ట్‌లీ వెన్నెల చూడండి. కొంత ఎన్నూరు దగ్గర నీళ్లమీద తీశారు, మిగతాది స్టూడియోలో. అతుకు ఎక్కడుందో నాకైతే దొరకలేదు.

ఈ పనంతటికీ పుట్టిల్లు మద్రాసులోని వడపళని. సినిమావాళ్ల మద్రాసును కోడంబాకం అని గంపగుత్తగా అనేస్తారుగానీ, పేటకో తీరు ఉండేది. టి.నగర్ తారల పేట. బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇల్లు, తిరుపతి చూసుకుని అటే వచ్చే యాత్రికులు. పక్కనే పాండీబజారు, వేషాలకోసం తిరిగేవాళ్ల అడ్డా. వడపళనిది మాత్రం చేతిపని. అక్కడ ఏవీఎం, విజయా-వాహినీ స్టూడియోలు, నాగిరెడ్డి గారి చందమామ ప్రెస్సు. వడ్రంగి, రంగులవాడు, బొమ్మలు వేసేవాడు, కెమెరా మనిషి అందరూ పిలిస్తే పలికేంత దూరంలో ఉండబట్టే ఆ ద్వారక కుదిరిందని నా నమ్మకం.

తర్వాత తెలుగు సినిమా హైదరాబాదు చేరింది. వాహినీ నేలమీద ఇప్పుడు ఆసుపత్రి, హోటలు, 2013లో తెరిచిన షాపింగ్ మాల్ ఉన్నాయి.

ఈసారి ‘మాయాబజార్’ పెట్టుకుంటే, 2010లో రంగులద్దిన ప్రతి వద్దు. ఆ దీపాల పనితనం నలుపు తెలుపుల్లోనే ఉంది. ద్వారక కనబడగానే కాసేపు ఆపి, కిటికీలు చూడండి.