నాయకుని మాటకు వేరే కొలత

రాజకీయ నాయకుల మాటల్ని ఫేస్‌బుక్ వంటి కంపెనీలు తీసేయవచ్చా అన్న చర్చ వస్తే, మనలో చదువుకున్నవాళ్లు వెంటనే అమెరికా ట్రంప్ పేరెత్తుతారు. అంత దూరం ఎందుకు? గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ సంగతే చూద్దాం.

2020 ఆగస్టు 14న వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక ఒక కథనం వేసింది. రోహింగ్యాలను కాల్చేయాలన్న ఆయన మాటలు నియమాలకు విరుద్ధమని ఫేస్‌బుక్ ఉద్యోగులే తేల్చారట. చర్య తీసుకుంటే ఇండియాలో వ్యాపారం దెబ్బతింటుందని అక్కడి అధికారి అంఖీ దాస్ అడ్డుపడ్డారట. ఆ పేజీలు తనవి కావని రాజాసింగ్ అన్నారు. సెప్టెంబరు 3న ఫేస్‌బుక్ ఆయన్ని నిషేధించింది. ఆ 20 రోజుల్లో పాత మాటలు మారలేదు. సంగతి పత్రికకెక్కింది, అంతే.

ఎమ్మెల్యే మాట నచ్చకపోతే ఓటరే బుద్ధి చెప్తాడు, కంపెనీకేం పని అంటారు కొందరు. గోషామహల్ ఓటర్లు 2023లోనూ ఆయన్నే గెలిపించారు. అది వాళ్ల హక్కు. కానీ బాలాపూర్ గుడిసెల్లో తలదాచుకున్న రోహింగ్యాకు ఓటెక్కడిది? ఓటేసేది ఒకరు, దెబ్బ తినేది ఇంకొకరు. అందుకే నాయకుడికి మామూలు మనిషికన్నా గట్టి కట్టడి ఉండాలని మేమంటాం. ఫేస్‌బుక్ దీన్ని తలకిందులు చేసింది. నాయకుల మాటలకు సాధారణంగా వార్తావిలువ ఉన్నట్టే లెక్కిస్తామని 2019లో చెప్పింది. 2021లో గాని ఆ పద్ధతి మార్చుకుంటామనలేదు.

నిషేధంతో అంతా సర్దుకుందనీ చెప్పలేం. 2022 ఆగస్టులో ఆయన వీడియో యూట్యూబులో వచ్చింది. హైదరాబాద్ వీధుల్లో నిరసనలు, ఆయన అరెస్టు మనకు తెలిసినవే.

ఇక నారాయణఖేడ్ తండాల సంగతి. మన నోట గోర్ బోలీతో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ కలిసిపోయి ఉంటాయి. గోర్ బోలీకి సొంత లిపి లేదు, కాబట్టి ఫోన్లలో తిరిగేది ఎక్కువగా గొంతే. రేపు మన నాయకుడే ఒకడు పక్క కులాన్ని తిడుతూ మన భాషలో వీడియో పెడితే, అది పరాచికమో బెదిరింపో చెప్పగల మనిషి ఆ ఆఫీసులో ఉంటాడా?

తండాలో నసాబు అందరి ముందు కూర్చుంటుంది. దానికీ లోపాలున్నాయి, ఆడవాళ్ల మాట అక్కడ ఎంత చెల్లుతుందో చూస్తూనే ఉన్నాం. అయినా తీర్పు చెప్పినవాడెవడో తెలుస్తుంది, మర్నాడు వెళ్లి నిలదీయవచ్చు. నాయకుడి పోస్టు ఉంచినా తీసినా, ఫిర్యాదు చేసినవాళ్లకు కారణం వాళ్ల భాషలో చెప్పమని మనం ఈ కంపెనీలను అడగాలి. రాత రానివాళ్లకు గొంతుతోనే చెప్పాలి.