బిగువులో పుట్టే స్వరం

శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం మండలంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న మత్స్యకార గ్రామం డొంకూరు. కాస్త ఉత్తరానికి వెళితే ఒడిశా వచ్చేస్తుంది. దక్షిణాన కవిటి, సోంపేట, మందస, పలాసల మీదుగా కొబ్బరి, జీడి తోటల ఉద్దానం. పడమట కొండల మీద సవర గూడేలు. ఈ కొద్దిపాటి మేరలో పుట్టిన సంగీతాలకు మాత్రం కొదవ లేదు. తీరాన వల లాగేవారి పాటలున్నాయి. యాదవులు గుండెకు కట్టుకుని వాయించే తప్పెటగుళ్లున్నాయి. ఒడిశా వైపు గంజాం పల్లెల్లో చెక్క చిడతలతో కథ చెప్పే ఒడియా వారి దాసకాఠియా ఉంది. సవరల పాటలున్నాయి. వీటన్నిటి నడుమ, ఉత్తరాంధ్రకే సొంతమైన గొంతుతో పలికే వాద్యం జముకు.

ప్రపంచ సంగీత వైవిధ్యాన్ని కాపాడాలని పెద్ద సభల్లో చెబుతుంటారు. ఆ మాటకు అసలు అర్థం తెలియాలంటే జముకు లాంటి ఒక్క వాద్యాన్ని దగ్గరగా చూస్తే చాలు. అది పోతే పోయేదేమిటో, అది బతకాలంటే కావలసిందేమిటో రెండూ అక్కడే తెలుస్తాయి.

జముకు నిర్మాణం చూడటానికి తేలిక. కుంచం ఆకారంలో ఇత్తడితోనో చెక్కతోనో చేసిన గుల్ల. ఒక పక్క చర్మం మూస్తారు, రెండో పక్క ఖాళీ. చర్మం నడిమధ్యన చిన్న రంధ్రం చేసి, అందులోంచి నరమో తీగో దూర్చి ముడి వేస్తారు. ఆ తీగ గుల్ల లోపలి నుంచి బయటికి వస్తుంది. దాని కొసకు చేతికి పట్టు దొరికేలా చిన్న కర్రముక్క కడతారు. వాయించేవాడు గుల్లను చంకలో ఇరికించుకుని, ఒక చేత్తో కర్రముక్కను లాగి పట్టి, రెండో చేత్తో తీగను మీటుతాడు.

కష్టమంతా ఆ లాగడంలోనే ఉంది. వీణకు మెట్లున్నాయి, హార్మోనియానికి మీటలున్నాయి, వేణువుకు రంధ్రాలున్నాయి. జముకుకు అలాంటి గుర్తేదీ లేదు. స్వరం ఎక్కడుందో చెప్పేది చేతి బిగువు ఒక్కటే. అది కూడా సూటిగా పెరిగేది కాదు. తీగ పొడవు మారనప్పుడు స్వరం ఒక స్థాయి పైకి వెళ్లాలంటే బిగువు రెండింతలైతే సరిపోదు, నాలుగింతలు కావాలి. పైకి పోయేకొద్దీ ఇంకా బలంగా లాగాలి, ఇంకా సన్నగా అదుపు చేయాలి. దానికి తోడు లాగిన కొద్దీ చర్మం కూడా సాగుతుంది. వాన గాలికి మెత్తబడి, ఎండకు బిగుసుకుంటుంది. ఆ రాత్రి చర్మం ఎలా ఉందో చూసుకుని, వాయించేవాడు ప్రతిసారీ తన చేతిని కొత్తగా సరిదిద్దుకోవాల్సిందే.

ఇంత కష్టానికి ఫలితం కూడా అంత గొప్పది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి దూకకుండా, మధ్య దారంతా తాకుతూ జారగలదు జముకు. అందుకే దాని పలుకు మనిషి మాటకు దగ్గరగా ఉంటుంది. ప్రశ్న చివర పైకి లేచే గొంతు, నిట్టూర్పులో కిందికి జారే గొంతు, ఎత్తిపొడుపులో విరిగే గొంతు అన్నీ అందులో పలుకుతాయి. శ్రుతీ లయా ఒక్క మీటులోనే పుడతాయి. కీబోర్డులో ఒక స్థాయిని పన్నెండు మెట్లుగా కోసి పెడతారు. ఆ మెట్ల మధ్యనున్న చోటు జముకుది. ఇవాళ సినిమా పాట మొదలు పెళ్లి బ్యాండు వరకు చాలామటుకు ఆ పన్నెండు మెట్ల మీదే నడుస్తోంది. కాబట్టి జముకు పోతే ఒక వస్తువుతో పాటు, స్వరాన్ని వేరే విధంగా ఊహించే పద్ధతే పోతుంది.

ఈ ఊహ మన ఒక్కరిదే కాదు. తెలంగాణలో ఎల్లమ్మ కథ చెప్పే బైండ్లవారి జమిడిక, ఎల్లమ్మ భక్తుల చేతిలో కర్ణాటకలో చౌడికె, మహారాష్ట్రలో చౌండకం, బెంగాల్ బావుల్ గాయకుల ఖమక్, రాజస్థాన్ అల్వర్ ప్రాంతపు భపంగ్ అన్నీ జముకుకు తోబుట్టువులే. వీటిని ఏ కోవలో చేర్చాలో తెలియక పండితులు కూడా చాలాకాలం తికమకపడ్డారు. ఎరిక్ వాన్ హార్న్‌బోస్టెల్, కర్ట్ సాక్స్ 1914లో ప్రపంచ వాద్యాలను వర్గీకరించినప్పుడు చర్మాన్ని చూసి వీటిని మీటే డోళ్లుగా లెక్కగట్టారు. 1981లో లారెన్స్ పికెన్, ఆయన సహచరులు బెంగాల్‌లోని ఇదే కోవ వాద్యాలైన గోపీయంత్రాన్ని, ఆనందలహరిని పరీక్షించి, స్వరాన్ని నిర్ణయించేది తీగ బిగువేనని, ఇవి తంత్రీ వాద్యాలేనని వాదించారు. భారతీయ పల్లె వాద్యాలు ప్రపంచ సంగీతశాస్త్రపు లెక్కనే ప్రశ్నించేలా చేశాయి. ఇలాంటి వాద్యాలను జానపదం అని తేలిగ్గా పక్కన పెట్టేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

జముకు ఒంటరిగా మోగదు. దాని ఇల్లు జముకుల కథ. సాధారణంగా ముగ్గురు ఉంటారు. ప్రధాన కథకుడు గజ్జెలు కట్టి, అడుగు వేస్తూ కథ నడుపుతాడు. పక్కవాళ్లు వంత పాడతారు, జముకు వాయిస్తారు, హాస్యం అందిస్తారు. ముందు దేవతా ప్రార్థన, తర్వాత పాట, పాటలోంచి వచనం, మళ్లీ పాట. కథకుడు ఊపిరి తీసుకునే చోట జముకు అందుకుంటుంది. ఏడుపు ఘట్టంలో తీగ సాగుతుంది, తగువు ఘట్టంలో మీటు ముమ్మరమవుతుంది. అమ్మవారి పండగ రాత్రి ఊరంతా కూర్చుని వినే కథ ఇది. జనం నాడి చూసి కథకుడు ఒక ఘట్టాన్ని పెంచుతాడు, ఇంకోదాన్ని తగ్గిస్తాడు. ఎదురుగా మనుషులు లేకపోతే ఈ విద్యలో సగం లేనట్టే.

ఈ రూపానికి జనాన్ని కదిలించే శక్తి ఎంతుందో ఉద్దానానికి బాగా తెలుసు. పలాస దగ్గర బొడ్డపాడులో పూజారిగా ఉన్న కవి సుబ్బారావు పాణిగ్రాహి 1960ల చివర శ్రీకాకుళ గిరిజన పోరాటాన్ని జముకుల కథగా కట్టి ఊరూరా ప్రదర్శించారు. ఒడియా కుటుంబంలో పుట్టిన మనిషి, తెలుగు పల్లె కళను తన గొంతుగా చేసుకున్నారు. 1969 డిసెంబరులో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయన రాజకీయాలతో ఎవరు ఏకీభవించినా, ఏకీభవించకపోయినా, అమ్మవారి గుడి ముందు పుట్టిన కళ కొత్త కాలపు కథను కూడా మోయగలదని అప్పుడే రుజువైంది. జముకుల కథ పాతబడిందనే మాటకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు.

మరి కొరత ఎక్కడుంది? సందర్భంలో ఉంది. పడవలకు ఇంజన్లు వచ్చాక తెడ్డు పాటకు పని తగ్గినట్టే, అమ్మవారి పండగకు డీజే వచ్చాక జముకు బృందానికి పిలుపు తగ్గింది. ప్రభుత్వ ఉత్సవాల్లో వేదిక దొరికినా పది నిమిషాలే ఇస్తారు. రాత్రంతా సాగాల్సిన కథను పది నిమిషాలకు కుదిస్తే మిగిలేది వేషమూ గజ్జెల చప్పుడూ మాత్రమే. ఘట్టాలను అల్లే నేర్పు చూపడానికి చోటుండదు, చూపని నేర్పు శిష్యుడికి అందదు. పొట్టకూటికి వలసపోయే కుర్రాడు, పిలుపే లేని విద్యకు ఏళ్ల తరబడి చేయి అరగదీయడు. అతన్ని తప్పుపట్టలేం.

అమెరికా జానపద పరిశోధకుడు అలన్ లోమాక్స్ 1972లోనే ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపారు. ప్రచార సాధనాలన్నీ కొద్దిమంది చేతుల్లో ఉంటే లోకమంతా ఒకే రంగుకు తిరుగుతుందని, ప్రతి సంస్కృతికీ ప్రసారంలోనూ బడిలోనూ న్యాయమైన వాటా కావాలని కోరారు. యునెస్కో 2003లో అమూర్త వారసత్వంపై, 2005లో సాంస్కృతిక వైవిధ్యంపై ఒప్పందాలు తెచ్చింది. భారతదేశం రెంటినీ ఆమోదించింది. 2005లోనే బంగ్లాదేశ్ బావుల్ పాటలకు యునెస్కో గుర్తింపు వచ్చింది. అయితే ఖమక్ బతికున్నది ఆ కాగితం వల్ల కాదు. బావుల్ మేళాలు, వాటికి వెళ్లే జనం, రవీంద్రుని కాలం నుంచి ఆ పాటను నెత్తిన పెట్టుకున్న బెంగాలీ సమాజం దాన్ని నిలబెట్టాయి. మన దగ్గరా 2022లో కిన్నెర వాద్యకారుడు మొగులయ్యకు, 2024లో బుర్రవీణ వాద్యకారుడు కొండప్పకు పద్మశ్రీలు వచ్చాయి. ఎంతో సంతోషం. కానీ పురస్కారం ఒక మనిషికి దక్కే గౌరవం. విద్య నిలవాలంటే ఆ మనిషి పక్కన నేర్చుకునేవాడు కూర్చోవాలి.

కాబట్టి చేయాల్సిన పనులు మన చేతికందేంత దగ్గరలోనే ఉన్నాయి. అమ్మవారి పండగ కమిటీ ఆర్కెస్ట్రాకు పెట్టే ఖర్చులో కొంత తీసి, ఒక రాత్రి జముకుల కథకు ఇవ్వాలి. పది నిమిషాలు కాదు, పూర్తి కథ చెప్పించాలి, పూర్తి కూలీ ఇవ్వాలి. ఉద్దానం బడుల్లో ఈ కళాకారులను అతిథులుగా కాక, జీతమిచ్చి గురువులుగా పెట్టుకోవాలి. విశ్వవిద్యాలయాలు రికార్డు చేసేటప్పుడు పాట ముక్కలతో సరిపెట్టక, ఊరి జనం మధ్య కథను మొదటి నుంచి చివరి దాకా తీయాలి. సినిమావాళ్లు ఈ బాణీ వాడుకుంటే ఎవరి దగ్గర తీసుకున్నారో పేరు చెప్పి, ప్రతిఫలం ముట్టజెప్పాలి.

డొంకూరు తీరం నుంచి టెక్కలి దాకా ఏ ఊరికైనా ఇవి మోయలేని భారాలు కావు. ప్రపంచ సంగీత వైవిధ్యం అనే పెద్ద మాటలో మన ఊరి బాధ్యత ఇంతే: వాయించగల చేయి ఉన్నంతకాలం దానికి పిలుపు అందించడం, ఆ పిలుపు వింటూ మరో చేయి నేర్చుకునేలా చూడటం.