ఎనిమిది పలకల ప్రాణి : చైటన్ పాఠముపై ఒక విమర్శ

మార్కాపురము బడిపలకలకు చిరకాలముగా పేరుపడిన ఊరు. ఆ పలకపై అక్షరములు దిద్దిన బాలుడు పెద్ద తరగతికి వచ్చిన పిమ్మట జంతుశాస్త్రములో మరియొక విధమైన పలకలను గూర్చి చదువును. వీపుపై వరుసగా ఎనిమిది పలకలు గల సముద్రప్రాణి ఒకటి కలదు. దాని పేరు చైటన్. నత్తలు, ఆలుచిప్పలు చేరిన మొలస్కా వర్గములోనిదే ఇదియును.

చైటన్‌కు ఉప్పునీరు కావలెను, అంటిపెట్టుకొనుటకు రాయి కావలెను. మార్కాపురము, గిద్దలూరు ప్రాంతములలో రాయి కలదు, సముద్రము లేదు. ఒంగోలు దాటి కొత్తపట్నము పోయినచో సముద్రము కలదు, కాని అక్కడ తీరము ఇసుక. రాతితీరము చూడవలెనన్న విశాఖపట్నము వంటి చోటికి పోవలెను. కాబట్టి ఈ ప్రాంతపు విద్యార్థికి పుస్తకములోని నాలుగు వాక్యములే సముద్రము. ఆ వాక్యములు ఎంతవరకు సరియైనవో పరిశీలించుట అవసరము.

పాఠములలో సాధారణముగా కనబడు వర్ణన ఇది: చైటన్ మందగమనము గల ఆదిమ ప్రాణి, తలపై కన్నులు లేవు, స్పర్శకములు లేవు, రాడ్యులా అను గీకెడు నాలుకతో నాచును తినును. ఇందులో అబద్ధము లేదు. సీసాలో మందునీట నిలువయుంచిన నమూనాను చూచి వ్రాసినచో ఇంతకు మించి వ్రాయుటయు కష్టమే. అయినను ఈ మూడు మాటలును ప్రాణిని చూపుటకు బదులు దాచుచున్నవి.

మొదట కన్నుల మాట. తలపై కన్నులు లేవనుట నిజము. కాని కొన్ని జాతులలో కన్నులు వీపుమీది పలకలలోనే ఉన్నవి. ఈ సంగతిని మోస్లీ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు 1885లోనే వర్ణించెను. కరిబియన్ సముద్రపు రాతితీరములలో నివసించు ఆకాంథోప్లూరా గ్రాన్యులేటా అను చైటన్‌కు ఇట్టి చిన్న కన్నులు వందలకొద్ది ఉన్నవి. వాటి కటకములు మన కంటిలోవలె మాంసకృత్తుతో గాక, ఆరగొనైటు అను ఖనిజముతో ఏర్పడినవి.

2011లో స్పైసర్, ఆయన సహచరులు దీనిపై ఒక చక్కని ప్రయోగము చేసిరి. చైటన్ తన అంచును కొంచెము పైకెత్తి ఉన్నప్పుడు దానిపై నల్లని గుండ్రని బిళ్ళను చూపగా అది వెంటనే అంచును రాతికి అదిమిపట్టెను. అంతే వెలుతురు తగ్గునట్లు పైన బూడిదరంగు తెరను చూపగా అట్లు చేయలేదు. అనగా అది కేవలము వెలుగునీడలను గుర్తించుటలేదు, ఆకారమును గుర్తించుచున్నది. ఈ చూపునకు వెల కూడ ఉన్నది. కన్ను ఉన్నచోట పలక బలహీనమగునని 2015లో జరిగిన పరిశోధన తెలిపెను. ఒకే పలక కవచముగాను కన్నుగాను పనిచేయవలసివచ్చినప్పుడు కలుగు చిక్కు ఇది. “కన్నులు లేవు” అని ముగించు పాఠమునకు ఈ చిక్కు కనబడదు.

రెండవది నాలుక. ఉష్ణదేశపు తీరములందలి చైటన్లలో పెక్కు పగటి ఎండకు రాతి సందులలో అణగియుండి, ఆటు సమయమున, విశేషించి రాత్రివేళ, మేతకు బయలుదేరును. కొన్ని జాతులవి మేసిన పిదప తమ పాత గుంటకే తిరిగివచ్చును. రాతిని గీకి నాచు తినవలెనన్న దంతములు గట్టివై ఉండవలెను. 1962లో లోవెన్‌స్టామ్ అను శాస్త్రజ్ఞుడు ఆ దంతముల కొనలపై మాగ్నటైటు, అనగా అయస్కాంతమును ఆకర్షించు ఇనుప ఖనిజము, ఉన్నట్లు కనుగొనెను. భూగర్భములోని వేడిమికి మాత్రమే పుట్టుననుకొన్న ఖనిజమును ఒక మెత్తని ప్రాణి సముద్రపు నీటి చల్లదనములో తయారుచేయుచున్నది! ముందు వరుస దంతములు అరిగి రాలగా వెనుకనుండి క్రొత్త వరుసలు వచ్చుచుండును.

దీనిని తరగతిలో బోధించుటకు సముద్రము అక్కరలేదు. ఇంటి నేలకు పరచు నాపరాయి సున్నపురాయి జాతిది. దానిపై ఇనుప మేకుతో గీసినచో గీత పడును. మోస్ కాఠిన్యమానములో సున్నపురాతిలోని కాల్సైటు విలువ 3. మాగ్నటైటు విలువ 5.5 నుండి 6.5 వరకు. చైటన్ రాతిని ఎట్లు గీకునో విద్యార్థి తన చేతితోనే తెలిసికొనును. అట్లే, రాతినుండి ఊడదీసినప్పుడు చైటన్ ఎట్లు ముడుచుకొనునో చెప్పుటకు నల్లమల అడవిలోని అలుగును జ్ఞప్తికి తెచ్చిన చాలును. పలకలు విడివిడిగా అమరియుండుటవలననే చైటన్‌కు అది సాధ్యమగుచున్నది.

మూడవది, అన్నిటికంటె చిక్కైనది, “ఆదిమ” అను మాట. చైటన్ వంశము పాతదే. దాని శిలాజములు సుమారు 50 కోట్ల సంవత్సరముల నాటివి. కాని పాతవంశము మారని వంశము కాదు. ఈ వంశములో చూపునకు సంబంధించిన అవయవములు వేరువేరుగా నాలుగు పర్యాయములు పరిణమించినవని 2024లో ప్రకటితమైన పరిశోధన చెప్పుచున్నది. ఆదిమమని తోసివేసిన ప్రాణి ఒకే సమస్యను నాలుగు మారులు క్రొత్తగా సాధించినది!

ప్రాచీనత ఎట్టిదో తెలియుటకు మార్కాపురపు పలకరాయియే మంచి కొలత. ఒకప్పటి సముద్రపు అడుగున పేరిన బురద ఒత్తిడికి గట్టిపడి ఆ రాయి అయినది. దాని వయస్సు నూరు కోట్ల సంవత్సరములకు పైన. అందులో చైటన్ శిలాజము దొరకునా అని విద్యార్థి అడిగినచో, దొరకదనియే సమాధానము. ఆ బురద పేరిన కాలమున పలకలు గల జంతువేదియు ఇంకను పుట్టలేదు. రాతిపలక ముందు, ప్రాణిపలక చాల వెనుక. ఈ పోలిక విన్న విద్యార్థి “ఆదిమ” అను మాటను ఇక తేలికగా వాడడు.

పాఠము పొడవు పెంచుమనుట ఈ విమర్శ ఉద్దేశము కాదు. ఉన్న నాలుగు వాక్యములను మార్చిన చాలును. లేని వాటిని లెక్కించుట మాని, ఉన్నవి ఏమి పనిచేయుచున్నవో చెప్పవలెను. తీరమున ఉన్న విద్యార్థి పుస్తకములోని లోపమును రాతిపై చూచి దిద్దుకొనగలడు. గిద్దలూరు విద్యార్థికి ఆ వీలు లేదు. కనుక సముద్రము ఎంత దూరమైన, పాఠము అంత ప్రాణముతో ఉండవలెను.